తన మాటకు తనే సాక్ష్యం

బుల్లికి నలభై మూడేళ్లు. పుట్టినప్పుడు పిడికెడంత ఉందని ఇంట్లో పెట్టిన ముద్దుపేరు, మనిషి తాడిచెట్టులా ఎదిగిపోయినా ఆమెను వదల్లేదు. చివరికి ఆఫీసుక్కూడా పాకింది. కొత్తగా చేరినవాళ్లు బుల్లిగారంటే ఎవరో చిన్నగా ఉంటారనుకుని వచ్చి, ఆమె లేచి నిలబడేసరికి తలెత్తి చూసేవాళ్లు.

ఆమె చేసే పని పక్కనుంచి చూసేవాళ్లకి పనిలాగే కనపడదు. రోజంతా తెర ముందు కూర్చుంటుంది. మన ఒంట్లో ప్రొటీన్లున్నాయే, అవి పూసల దండల్లాంటివి. దండ తనంతట తను ముడుచుకుని ఒక ఆకారం తెచ్చుకుంటుంది, ఆ ఆకారంతోనే తన పని చేస్తుంది. పుట్టుకతోనే ఎక్కడో ఒక పూస మారిపోయి ఉంటే ఒక్కోసారి ఏమీ కాదు. ఒక్కోసారి కొంప మునుగుతుంది. ఏ మార్పు ఎలాంటిదో చెప్పడం బుల్లి పని. దానికి రెండు దారులు. ఆ ప్రొటీన్ని అణువు అణువునా కంప్యూటర్లో కట్టి, చుట్టూ నీళ్లు పోసి, ఉప్పు వేసి, ఎలా కదులుతుందో రోజుల తరబడి నడిపి చూడ్డం ఒకటి. దాన్ని సిములేషన్ అంటారు. మంచివో చెడ్డవో ఇదివరకే తేలిన వేలకొద్దీ మార్పుల్ని యంత్రానికి చూపించి, నేర్పించి, కొత్తది ముందు పెడితే అదే చెప్పేలా చేయడం రెండోది. మొదటిదానికి ఓపిక కావాలి. రెండోది చిటికెలో పని. బుల్లి పదకొండేళ్లు మొదటి దారిలోనే పడి నడిచి, ఈమధ్య ఐదేళ్లుగా రెండోదాన్ని తన చేతులతో తయారు చేసింది. సున్నా నుంచి ఒకటి దాకా ఒక అంకె ఇస్తుంది అది. సున్నాకి దగ్గరైతే భయం లేదు, ఒకటికి దగ్గరైతే ఉంది. ఆఫీసులో దానికి తూకం అని పేరు పెట్టుకున్నారు.

బుల్లికి ఒక్కతే అక్క. ఊళ్లో పెద్ద ఈతకొలనులో ఈత నేర్పే టీచరు. ఇరవై ఏళ్లుగా కొలను గట్టు మీద నిలబడి అరిచీ అరిచీ ఆమె గొంతు బొంగురుపోయింది. ఇంట్లో ఉప్పు డబ్బా అందుకోమన్నా గట్టు మీంచి పిలిచినట్టే ఉంటుంది. బావ బస్సు డిపోలో మెకానిక్కు. మాటలు తక్కువ. వాళ్లకి ఒక్కతే కూతురు, పదహారేళ్లది. దాన్ని అందరూ చేప అంటారు. ఆ పిల్ల నడక నేర్చిందీ నీళ్లలో తేలిందీ ఇంచుమించు ఒకే నెలలో. రెండేళ్లుగా పోటీల్లో ముందు వరసలో ఉంది. అక్క ఆశలన్నీ దాని భుజాల మీదే ఉండేవి.

ఒక సాయంత్రం ప్రాక్టీసులో ఆఖరి దఫా ఈది గోడ పట్టుకోబోతూ చేప అలాగే కిందికి జారిపోయింది. పక్క వరసలో ఉన్న అమ్మాయి చెయ్యి పట్టి లాగింది. నిమిషం కూడా కాలేదు, లేచి కూర్చుని ఏమైందమ్మా అంది. సరిగ్గా తినకపోవడం అన్నారు, అలసట అన్నారు. ఆస్పత్రిలో పెద్ద డాక్టరమ్మ మాత్రం అంత తేలిగ్గా వదల్లేదు. ఈసీజీ తీయించింది, గీతలు అటూ ఇటూ కాకుండా ఉన్నాయంది. రక్తం తీసి జన్యువుల పరీక్షకి పంపింది. నెల తర్వాత కాగితం వచ్చింది. గుండె కణాల గోడలో ఒక తలుపులాంటి ప్రొటీన్ ఉంటుందట, అది తెరుచుకుంటే పొటాషియం బయటికి పోయి గుండె మళ్లీ కొట్టుకోడానికి సిద్ధమవుతుందట. చేపకి ఆ తలుపులో ఒక పూస మారి ఉంది. ఆ మార్పు మంచిదో చెడ్డదో ఇంకా తేలలేదని కాగితం అడుగున రాసి ఉంది. తేలేదాకా నీళ్లలో దిగొద్దు, ఇంకొన్ని పరీక్షలు చేద్దాం అంది డాక్టరమ్మ. సెలక్షన్ పోటీలకి పది వారాలే ఉన్నాయి.

అక్క ఆ కాగితాన్ని ఫొటో తీసి చెల్లెలికి పంపించి, వెంటనే ఫోన్ చేసింది. ఇలాంటివి చూసేదే కదా నీ పని, నీ మిషన్ ఏమంటుందో అడిగి చెప్పవే అంది.

బుల్లి అప్పుడు వరండాలో కాఫీ కప్పుతో నిలబడి ఉంది. తన గదిలోకెళ్లి, మార్పు పేరు తూకానికి ఇచ్చింది. చిటికెలో వచ్చింది జవాబు. సున్నా పాయింట్ సున్నా ఆరు. అంత తక్కువ అంకె రోజూ వచ్చేది కాదు. ఆమె గుండెల మీంచి బరువు దిగినట్టయింది. కాఫీ ఇంకా చల్లారకముందే అక్కకి ఫోన్ చేసి, "ఏమీ లేదక్కా, నిశ్చింతగా ఉండు," అంది.

డాక్టరమ్మ చేస్తానన్న పరీక్షలయ్యేదాకా ఆగమని కూడా అందామె. కానీ ఆ మాట రెండోది, గొంతులో నవ్వు ఇంకా పోకుండా అన్నది. అక్కకి మొదటి మాటే వినిపించింది. బావ ఒక్కడే, డాక్టరమ్మ ఇంకా ఏమీ చెప్పలేదుగా అని నసిగాడట. మా బుల్లికంటే తెలుసా వాళ్లకి అని అక్క నోరు మూయించింది. మర్నాటి నుంచి చేప మళ్లీ కొలనులో ఉంది. డాక్టరమ్మ రమ్మన్న రోజుకి వెళ్లలేదు.

నాలుగు వారాలు గడిచాయి. బుల్లి పైన పనిచేసే పెద్దాయన, ఆమెకి ఈ విద్య నేర్పినవాడే, తూకాన్ని కొన్ని ఆస్పత్రులు కలిసి వాడుకునే ఏర్పాటు చేశాడు. వాళ్ల ముందు చూపించడానికి పది మంచి ఉదాహరణలు తీసిపెట్టమని బుల్లికి చెప్పాడు. అంకె ఒక్కటే కాదు, యంత్రం ఆ అంకె ఎందుకిచ్చిందో కూడా చూపించాలి, ఏ పాత మార్పుల్ని చూసి నేర్చుకుందో అవి తెర మీద రావాలి అన్నాడు. తొమ్మిది తీశాక పదోదానికి బుల్లికి చేప మార్పు గుర్తొచ్చింది. పేరెలాగూ ఉండదు. ఇంత ధీమాగా చెప్పిన జవాబు ఇంకోటి దొరకదు కూడా అనుకుంది. మనసులో కాస్త గర్వం కూడా ఉంది, దాచడమెందుకు.

ఎందుకు అని అడిగితే యంత్రం తనకి దారి చూపిన పాత ఉదాహరణల జాబితా ఇచ్చింది. వాటిలో అన్నిటికంటే పైన ఉన్నదాన్ని చూసి ఆమె కనుబొమలు ముడిపడ్డాయి. అది చేప మార్పుకి దగ్గరి చుట్టం కాదు, అచ్చంగా అదే మార్పు. హాని లేనిది అని ముద్రతో సహా, నేర్పించిన పాఠాల్లోనే ఉంది. అంటే యంత్రం ఆలోచించి చెప్పలేదు, చదివింది అప్పజెప్పింది.

సరే, ఎవరో ఎక్కడో పరీక్ష చేసి తేల్చారేమో, అయితే మంచిదేగా అనుకుని ఆ ముద్ర ఎవరు వేశారో తవ్వడం మొదలుపెట్టింది. మూడేళ్ల కిందట వేరే ఆస్పత్రి వాళ్లు అందరూ వాడుకునే జాబితాలో చేర్చిన పద్దు అది. ఆధారం అన్న చోట కణాల పరీక్షా లేదు, రోగుల వివరాలూ లేవు. కంప్యూటర్ అంచనా అని రెండు ముక్కలున్నాయి. పక్కనే ఆ ప్రోగ్రాం పేరు. బుల్లి తన తూకానికి మొట్టమొదట పెట్టిన పాత పేరు అది.

ఆ మొదటి తూకం పసిది. ఏమీ తెలియనప్పుడు అన్నిటినీ మంచివే అనేది. పసితనంలో అది అన్న మాటను ఎవరో నిజమని రాసుకున్నారు. ఆ రాతను తెచ్చి బుల్లే మళ్లీ దానికి పాఠంగా చెప్పింది. అది ఇప్పుడు తన మాటకు తనే సాక్ష్యం చెప్పి, ఇదిగో నిజం అంటోంది. దాన్ని పట్టుకునే నెల కిందట ఆమె అక్కని నిశ్చింతగా ఉండమంది.

అప్పుడు టైము మధ్యాహ్నం మూడున్నర. నాలుగింటికి చేప నీళ్లలో దిగుతుంది. ఫోన్ బల్ల మీదే ఉంది. బుల్లి దాన్ని చేతిలోకి తీసుకుంది కూడా.

చేయలేదు. ఏమని చెప్తాను అనుకుంది. అంకె తప్పని తెలిసింది గానీ, అసలు నిజమేమిటో తెలీదుగా. మార్పు మంచిదే అయ్యుండొచ్చు. ఊరికే వాళ్ల గుండెల్లో రాయి వేసి, తర్వాత కాదనడం కంటే, పాత దారిలో ఒకసారి చూసుకుని అప్పుడే చెప్దాం అని తనకు తను సర్దిచెప్పుకుంది. మిగతావాళ్ల పనులు పక్కకి నెట్టి, పెద్ద కంప్యూటర్లో సగం తీసుకుని, ఆ తలుపును కట్టింది. మామూలు తలుపువి ఐదు నమూనాలు, చేపకున్నలాంటివి ఐదు. సెకనులో పది లక్షల్లో ఒక వంతు కాలం ఆ తలుపు ఎలా మసులుతుందో చూడ్డానికి తొమ్మిది రోజులు పట్టింది.

ఆ తొమ్మిది రోజులూ ఆమె తిన్నదీ తెలియదు, ఎవరేమన్నారో తెలియదు. నాలుగో రోజున అక్కే ఫోన్ చేసింది. పిల్ల టైము అర సెకను తగ్గించిందని సంబరంగా చెప్పింది. బుల్లి ఊ కొట్టింది. నిజం నోటిదాకా వచ్చింది, బయటికి రాలేదు. మంచిది అక్కా అని పెట్టేసింది.

పదో రోజు పొద్దున ఫలితం చూసింది. మామూలు తలుపులు ఐదింట్లో నాలుగు తెరుచుకుని నిలబడ్డాయి. వాటిలోంచి పొటాషియం ఒకదాని వెనక ఒకటి వరసగా పోయింది. చేప తలుపులు ఐదింట్లో నాలుగు మూసుకుపోయాయి. మారిన పూస పక్కదాన్ని కొక్కెంలా పట్టుకుని వదలడం లేదు. ఇది రుజువు కాదని బుల్లికి తెలుసు. కంప్యూటర్లో మూసుకున్నది ఒంట్లో మూసుకోవాలని లేదు. కానీ ఇక ఆగడానికి సాకు లేదు. బ్యాగు కూడా తీసుకోకుండా బయల్దేరి, అక్క పొద్దుటి తరగతి ముగించే వేళకి కొలను దగ్గరికి చేరింది.

లోపల క్లోరిన్ వాసన. పిల్లలు ఒక్కొక్కరే తువ్వాళ్లు చుట్టుకుని పోతున్నారు. సెలవు రోజు కావడంతో చేప కూడా అక్కడే ఉంది, గట్టు మీద కూర్చుని కాళ్లు నీళ్లలో ఆడిస్తోంది. అక్క చెల్లెల్ని చూసి, ఏంటే ఇలా ఊడిపడ్డావు అని నవ్వింది. బుల్లి ఆమెని పక్కకి తీసుకెళ్లబోయింది. అక్క రాలేదు, ఇక్కడే చెప్పు అంది. దాంతో తడి గచ్చు మీద నిలబడే చెప్పేసింది. ఆ అంకె చెల్లదని, ఎందుకు చెల్లదో, ఇప్పుడేం చూసిందో. ఎంత సులువుగా చెప్దామనుకున్నా మాటలు మెలికలు పడ్డాయి.

అక్క మెడలో ఉన్న విజిల్ తాడు తీసి చేతికి చుట్టుకుంటూ, "అప్పుడూ నీ కంప్యూటరే చెప్పింది, ఇప్పుడూ నీ కంప్యూటరే చెప్తోంది. నేను దేన్ని నమ్మాలే?" అంది.

"దేన్నీ నమ్మొద్దక్కా. డాక్టరమ్మ దగ్గరికి పద. అప్పటిదాకా దీన్ని దిగనివ్వకు."

ఇంకా ఐదు వారాలే ఉన్నాయి, నీకు ఆటలాగా ఉందా అని అక్క మొదలుపెట్టింది. ఆ బొంగురు గొంతు పైకప్పుకి తగిలి అన్ని వైపుల నుంచీ తిరిగొచ్చింది. అసలు నీకెప్పుడు తెలిసింది ఇది అని అడిగింది. బుల్లి అబద్ధం చెప్పలేదు. తొమ్మిది రోజులైంది అంది.

అప్పుడు చేప కాళ్లు ఆడించడం ఆపింది. వాళ్లవైపు చూడకుండానే, నీళ్లకేసి చూస్తూ, "పోయిన బుధవారం కూడా అయింది పిన్నీ. మలుపు దగ్గర కళ్లు బైర్లు కమ్మాయి. తాడు పట్టుకుని ఆగా. నువ్వు ఏం లేదన్నావుగా అని అమ్మకి చెప్పలేదు," అంది.

బుల్లి వేళ్ల మీద లెక్కపెట్టనక్కర్లేదు. బుధవారం అంటే ఆరో రోజు. ఆ రోజు తను కంప్యూటర్ గదిలో కూర్చుని, అన్నీ సవ్యంగా నడుస్తున్నాయా అని గంటకోసారి చూసుకుంటోంది. అక్క ఆమె వంక చూడలేదు. కూతురి దగ్గరికెళ్లి, పిల్ల రెండు చంకల కిందా చేతులు వేసి, చిన్నపిల్లని తీసినట్టు గట్టు మీంచి వెనక్కి లాగింది. నడువు, బట్టలు మార్చుకో అంది. అరవలేదు. ఆ మాట మామూలుగా, మెల్లగా అంది. అక్క గొంతు అంత చిన్నగా పలకడం బుల్లి అంతకు ముందు వినలేదు.

ఆ మధ్యాహ్నమే అక్కా, బావా, చేపా ఆస్పత్రికి వెళ్లారు. బుల్లిని రమ్మని ఎవరూ అనలేదు. డాక్టరమ్మ ట్రెడ్‌మిల్ మీద పిల్లని పరిగెత్తించి గుండె గీతలు తీసింది. ఈసారి గీతలు అటో ఇటో కాదు, ఒకవైపే చెప్పాయి. గుండె వేగాన్ని అదుపులో పెట్టే మాత్రలు రాసింది. పోటీలు వద్దంది, ఒంటరిగా నీళ్లలో దిగడం అసలే వద్దంది. అమ్మానాన్నల రక్తం కూడా తీసుకుంది. మార్పు బావ నుంచి వచ్చిందని తేలింది. ఇన్నేళ్లూ ఏం కాలేదేమిటండీ అని డాక్టరమ్మ అడిగితే, "నేను బస్సులు బాగుచేస్తానండీ, వాటి వెనక పరిగెత్తను," అన్నాడట. ఈ సంగతంతా బుల్లికి చెప్పింది బావే. అక్క ఫోన్ ఎత్తడం మానేసింది.

ఆఫీసులో ఇంకో కథ నడిచింది. బుల్లి మర్నాడే పెద్దాయన గదికెళ్లి ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ విన్నాడు. ఇది పెద్ద సమస్యేమీ కాదు, తన మాటలు తనే నేర్చుకున్న పాఠాల్ని ఏరి పారేసి మళ్లీ నేర్పిద్దాం, వచ్చే విడతలో సరిపోతుంది, ఆస్పత్రుల వాళ్ల ముందు ఇప్పుడు ఈ గొడవెందుకు అన్నాడు. బుల్లి అప్పటికే ఏరింది. అలాంటివి రెండు వందల పన్నెండు. వాటిని తీసేసి మళ్లీ నేర్పిస్తే, పద్దెనిమిది మార్పులకి భయం లేదన్న జవాబు తిరగబడింది. ఆ పద్దెనిమిదీ ఇదివరకే విడివిడిగా అడిగిన ఆస్పత్రులకి చెప్పేసినవి.

"సార్, వచ్చే విడత వచ్చేవాళ్లకి. ఇదివరకే విన్నవాళ్ల సంగతేంటి?" అంది బుల్లి.

"ఉత్తరాలు రాస్తే మనల్ని ఇక ఎవడూ నమ్మడమ్మా. పదహారేళ్ల కష్టం," అన్నాడాయన.

"మా అక్క నమ్మింది సార్."

ఆయన ఆ రోజు ఏమీ తేల్చలేదు. మూడు రోజుల తర్వాత బుల్లి రాసిపెట్టిన ఉత్తరం మీద సంతకం చేశాడు, రెండు వాక్యాలు మెత్తబరిచి. ఉత్తరాలు వెళ్లాయి. ఆస్పత్రుల ఏర్పాటు వాయిదా పడింది, తర్వాత ఆ మాటే ఎవరూ ఎత్తలేదు. పెద్దాయన ఎదురుపడితే తల ఊపుతాడు గానీ, ఇదివరకులా గదిలోకి వచ్చి కూర్చోడు. పద్దెనిమిదిలో ఏడుగురి దగ్గర నుంచి జవాబులొచ్చాయి. ఒకటి మూడే మాటలు. మీ ఉత్తరం ఆలస్యమైంది. కింద ఏ ఆస్పత్రో ఉంది, రాసినవాళ్ల పేరు లేదు. బుల్లి దాన్ని డ్రాయరులో పెట్టుకుంది. దేనికి ఆలస్యమైందో అడగడానికి చాలాసార్లు కాగితం తీసింది. ఒకసారి రాసి పంపించింది కూడా. తిరుగు జవాబు రాలేదు.

కింది అంతస్తులో కణాలు పెంచే ఆవిడ ఉంది. అందరూ కణాలావిడ అంటారు. చేప తలుపును నిజం కణాల్లో పెట్టి, కరెంటు ఎంత పోతుందో కొలవమని బుల్లి అడిగింది. రెండు నెలలకి ఆవిడ మెట్లెక్కి వచ్చి గుమ్మంలోనే నిలబడి చెప్పింది. మామూలు దానిలో మూడో వంతే పోతోంది. నీ సిములేషన్ కరెక్టే చెప్పింది, పాపం తొమ్మిది రోజులు నిలబెట్టి మరీ చెప్పింది అని నవ్వబోయి, బుల్లి ముఖం చూసి మానుకుంది.

అక్క ఆర్నెల్లు మాట్లాడలేదు. ఆ తర్వాత మాట్లాడింది, ఎలా ఉన్నావు, తిన్నావా, అంతవరకే. అప్పుడప్పుడూ పళ్ల సంచి పంపిస్తుంది, తను రాదు. బుల్లికి అది సరైనదే అనిపిస్తుంది. క్షమించమని అడగడానికి ఒకసారి వాళ్లింటికి వెళ్లి, అక్క కూరగాయలు తరుగుతుంటే ఎదురుగా కూర్చుంది. అక్క, నా కోపం నువ్వు తప్పు చెప్పినందుకు కాదే, తెలిశాక తొమ్మిది రోజులు ఊరుకున్నందుకు, అని ఒక్కటే అంది. తర్వాత కత్తిపీట పక్కన పెట్టి, టీ తాగుతావా అని అడిగింది. ఇద్దరూ తాగారు.

చేప చిన్నపిల్లలకి లోతు తక్కువ కొలనులో నేర్పడానికి తల్లికి సాయం చేస్తోంది. గట్టు మీద నిలబడి సెకన్లు కొలవడం తనకి అసహ్యమని చెప్తుంది, అయినా మానలేదు. ఒక శనివారం చెప్పాపెట్టకుండా పిన్ని ఆఫీసుకి వచ్చి తన తలుపు చూపించమంది. బుల్లి తెర మీద తిప్పి చూపించింది. వేల అణువుల నీళ్లు చుట్టూ వణుకుతుంటే, మధ్యలో ఆ ప్రొటీన్ మెల్లగా కదిలి, ముడుచుకుని, అలాగే ఉండిపోయింది. పిల్ల గడ్డం కింద చెయ్యి పెట్టుకుని మూడుసార్లు వేయించుకుని చూసింది.

"నీ మీద కోపం పోలేదు పిన్నీ," అంది చివరికి. "కానీ నువ్వు నాన్నకి చెప్పిన ఆ పద్దెనిమిది మందిలో నా అంత వాళ్లుంటారు కదా. వాళ్లకెవరు చెప్తున్నారు?"

బుల్లి కుర్చీ ఆమె వైపు జరిపి, జవాబు రాని పదకొండు చిరునామాలూ, వాటి ఫోన్ నంబర్లూ ఉన్న కాగితం తీసి బల్ల మీద పరిచింది. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని, మొదటి నంబరుకి ఫోన్ కలిపారు.